గొడుగు పట్టిన చెయ్యి నాదే

మా ఆయన షాలేమ్‌రాజు బియ్యం డ్రమ్ములో లెన్సు దాస్తాడు. గిట్టక చెబుతున్నానని అనుకుంటే మణుగూరులో మా క్వార్టర్‌కి వచ్చి చూసుకోండి. వానాకాలంలో లెన్సు అద్దానికి బూజు పడుతుందట, బియ్యం తేమను పీల్చేస్తాయట. ఒకరోజు పొద్దున్నే నిద్రమత్తులో డ్రమ్ములో సోల ముంచి, బియ్యం ఎసట్లో పోయబోతుంటే ఠంగుమంది. చూస్తే నల్లటి లెన్సు. కాస్త పరాకుగా ఉంటే అన్నంతోపాటు అదీ ఉడికేది. "అయ్యో, నా ఎయిటీ ఫైవ్!" అంటూ ఆయన లుంగీ ఎగ్గట్టుకుని వంటింట్లోకి ఉరికొచ్చాడు. నీకేమన్నా కాలిందా లిదియా అని ఒక్క మాట అడగలేదు. లెన్సును చంటిపిల్లలా తువ్వాలులో చుట్టుకుని పోయాడు.

పేరుకు ఓపెన్‌కాస్ట్ బొగ్గుగని వర్క్‌షాపులో ఎలక్ట్రీషియన్. డ్యూటీ దిగాక మాత్రం ఫోటోగ్రాఫర్, అది కూడా ఎవరూ అడగకుండానే. ఆ పిచ్చి మా పెళ్ళిచూపులకే బయటపడింది. చర్లలో మా అమ్మ పెట్టిన పకోడీలు తిని, నన్ను ఒక్క ప్రశ్న వేశాడు. "కొంచెం కిటికీ దిక్కు తిరుగుతారా?" పిల్లకు మెల్లకన్ను ఉందేమోనని పరీక్షిస్తున్నాడనుకుని మా అమ్మ మంగమ్మకు ఒళ్ళు మండింది. తర్వాత తెలిసింది, వెలుతురు ముఖం మీద ఒక పక్కనుంచి పడితే బాగుంటుందట. ఇక పెళ్ళిరోజున, వచ్చిన ఫోటోగ్రాఫర్‌కి ఆ రింగు తిప్పు, ఈ మీట నొక్కు అని మంటపం మీదినుంచే పాఠం చెప్పాడు. అందుకే మా పెళ్ళి ఆల్బమ్ నిండా ఆయన నోరు తెరుచుకుని ఎటో చెయ్యి చూపిస్తుంటాడు. నేను ఆయన్ని ఊరుకోమని గిచ్చుతుంటాను.

ప్రతి ఆదివారం సాయంత్రం మా వరండాలో ఫోటోల పంచాయితీ నడుస్తుంది. దానికి పెద్దమనిషి ఎల్లస్వామన్న. గనిలో డంపర్ నడుపుతాడు. ఇల్లంత డంపర్ నడిపే మనిషికి చేతిలో చిన్న పాత కెమెరా, అదీ దారంతో కట్టింది. ఆయన తీసేవన్నీ డంపర్ల ఫోటోలే, కానీ ఆ డంపర్లు మనతో ఏదో చెప్పబోతున్నట్టు ఉంటాయి. నోరు మాత్రం మహా చెడ్డది. మా ఆయన కిన్నెరసాని అడవిలో రోజంతా దోమలకు ఒళ్ళప్పగించి ఒక పిట్టను తీసుకొస్తే, "ఆకులు మంచిగొచ్చినయ్ తమ్మీ. పిట్టేది?" అన్నాడు. గోదావరి ఫోటో చూపిస్తే, "ఒంకర దీసినవ్. నీళ్ళన్నీ ఆంధ్ర దిక్కు కారిపోతున్నయ్ సూడు" అన్నాడు.

మొదట్లో ఇలాంటి మాటలకు మా ఆయన ఊరుకునేవాడు కాదు. అది అలా కాదన్నా, ఐఎస్ఓ పెరిగింది, గాలి కదిలింది అంటూ గంటసేపు వాదించేవాడు. వినలేక ఎల్లస్వామన్న ఒక కట్టడి చేశాడు. ఎవరి ఫోటో మీద విచారణ జరుగుతుందో వాళ్ళు ఒక మిర్చి బజ్జీని నిండుగా నోట్లో పెట్టుకోవాలి. తప్పులన్నీ చెప్పడం అయ్యేదాకా నోరు మెదపకూడదు. ఆ బజ్జీలు వేసేది ఎవరంటారా? ఇంకెవరు, నేనే.

ఇన్నేళ్ళలో ఎల్లస్వామన్న ఎవరి ఫోటోనైనా "మంచిగుంది" అనగా నేను వినలేదు. ఆ ఒక్క మాట కోసం మా ఆయన ఎన్ని లెన్సులు కొన్నాడో, ఎన్ని బజ్జీలు మింగాడో!

ఇప్పుడు నా గోడు చెబుతాను. మా చర్చిలో ఏటా కొత్త సంవత్సరానికి గోడ క్యాలెండర్ వేస్తారు. పైన బైబిల్ వాక్యం, మధ్యలో సంఘమంతా మెట్ల మీద నిలబడిన పెద్ద ఫోటో, కింద తేదీలు. ఏడేళ్ళుగా ఆ ఫోటో తీసేది మా ఆయనే. ఏడేళ్ళుగా పక్కన ఫ్లాష్‌కి తెల్లగొడుగు పట్టుకుని నిలబడేది నేను. స్టాండు ఉంది. కానీ గాలి వస్తే స్టాండుతో సహా గొడుగు ఎగిరిపోతుంది, అందుకని మనిషి ఉండాలి. ఆ మనిషి పెళ్ళామైతే ఎదురు చెప్పదని ఆయన నమ్మకం.

నేను జాకెట్లు కుడతాను. క్యాలెండర్‌లో నిలబడ్డ ఆడవాళ్ళలో సగం మందివి నేను కుట్టినవే. పండగకు ముందు కంటిమీద కునుకు లేకుండా కుట్టి ఇచ్చి, ఆ జాకెట్ల మీద వెలుతురు సరిగ్గా పడేలా గొడుగు కూడా నేనే పట్టాలి. ఆ ఫోటోలో నా కుట్టు ఉంటుంది. నేను ఉండను.

చర్లలో మా అమ్మ ఆ క్యాలెండర్‌ని మంచానికి ఎదురుగా వేలాడదీస్తుంది. మోకాళ్ళ నొప్పులతో బస్సెక్కలేదు. నేనేమో కుట్టుపని వదిలి పోలేను. ఏటా క్యాలెండర్ అందగానే వేలితో ఒక్కొక్క ముఖం తడుముకుంటూ పోయి నాకు ఫోన్ చేస్తుంది. "ఏడున్నవే బిడ్డా? రెండుసార్లు దేవులాడిన, కానస్తలెవ్." ఒక ఏడాది మాత్రం కుడి అంచున గొడుగు కొస, దాన్ని పట్టుకున్న నా చెయ్యి ఫోటోలో పడ్డాయి. అమ్మ ఆ గాజులు గుర్తుపట్టింది. ఏడాది పొడుగునా పొద్దున లేవగానే ఆ చేతిని తడిమి దండం పెట్టుకుందట. ఆ ఫోటోనే మా వరండాలో ఎల్లస్వామన్న చూసి, "అంచుకు గీ చెయ్యేంది? కోసెయ్యాలె" అన్నాడు. మరుసటేడు మా ఆయన బుద్ధిగా కోసేశాడు. నాకు ఎంత కడుపు మండిందంటే, ఆ వారం బజ్జీల్లో మిరపకాయలకు గింజలు తీయలేదు.

మొన్న దసరా దాటాక అమ్మ ఫోన్‌లో అంది. "నా కండ్లు మసకబారుతున్నయ్ బిడ్డా. మంచిగ కనపడుతున్నప్పుడే ఈ ఒక్కపాలన్న మొఖం చూపియ్యే." నేను ఫోన్ పెట్టేసి మిషన్ ముందు కూర్చుని ఏడ్చాను. ఈసారి క్యాలెండర్‌లో నా ముఖం ఉండాల్సిందే, ఆకాశం విరిగి మీద పడ్డా సరే అనుకున్నాను.

అదే సమయంలో చర్చిలో వేరే గొడవ మొదలైంది. పోయినేడు ఫోటోలో సంఘపెద్ద ఏసయ్య తాత కళ్ళు మూసుకున్నాడు. ప్రార్థనలో ఉన్నాడని అందరూ అనుకోవడంతో ఆయనకు గౌరవం పెరిగింది. కానీ పాటలు పాడించే తబితక్క ఆవులిస్తూ దొరికిపోయింది. పన్నెండు నెలలు ప్రతి ఇంటి గోడ మీదా ఆవులించింది పాపం. అందుకే పాస్టరు అయ్యగారు తేల్చి చెప్పారు. "రాజూ, ఈసారి ఒక్క కన్ను మూసుకున్నా వచ్చే ఏడు స్టూడియో వాళ్ళకే ఇచ్చేద్దాం."

స్టూడియో వాళ్ళయితే గొడుగు మనిషిని వాళ్ళే తెచ్చుకుంటారు! దేవుడు నన్ను క్షమించును గాక, ఆ మాటకు నాకు ప్రాణం లేచొచ్చింది. ఇంతలో తబితక్క పక్కనుంచి, "ఈయనకు లెన్సులెక్కువ, పనితనం తక్కువ" అంది. అంతే, నాకు ఎక్కడిదో కోపం తన్నుకొచ్చింది. "మా ఆయన్ని అంటే నేననాలె అక్కా! నువ్వెవరు?" అని అరిచాను. ఆయన్ని తిట్టే హక్కు కోసం నేను ఎన్నేళ్ళు కాపురం చేశాను!

ఈసారి ఎలాగైనా నన్ను మెట్ల మీద నిలబెట్టాలని ఇంటికొచ్చి మా ఆయనకు గట్టిగా చెప్పాను. గొడుగు ఎవరు పడతారని ఆయన నీళ్ళు నమిలాడు. వరండాలో ఉన్న ఎల్లస్వామన్న, "నేను పడత తియ్ చెల్లె. నూరు టన్నుల బండి ఆపెటోన్ని, గొడుగు ఆపనా?" అన్నాడు. ఆయన మా చర్చి మనిషి కాదు, కానీ ఫోటో రోజున సంఘమంతా కలిసి తినే ప్రేమ విందు బిర్యానీకి ఏ ఏడూ తప్పడు.

డిసెంబరు మొదటి ఆదివారం నీలం పట్టుచీర కట్టుకున్నాను. ఆరాధన అయ్యాక అందరం మెట్ల మీద నిలబడ్డాం. నాది రెండో వరస, ఏసయ్య తాత వెనుక. కింద చెట్టు నీడలో ప్రేమ విందు గిన్నెలు పెట్టారు. బిర్యానీ మూత తీసినట్టున్నారు, ఆ వాసనకు సంఘమంతా ముక్కులు ఆ పక్కకే తిప్పింది.

"నన్ను చూడండ్రి, బిర్యానీని కాదు!" అని మా ఆయన అరిచాడు. "ఒకటి, రెండు, మూడు!" మూడు అనగానే ఎవరో ఒకరు రెప్ప వేసేవాళ్ళు. మళ్ళీ తీశాడు, మళ్ళీ అంతే. తబితక్క కళ్ళు మూతపడకూడదని గుడ్లు ఉరిమి చూస్తుంటే పక్కనున్నామె జడుసుకుంది. గొడుగు పట్టుకున్న ఎల్లస్వామన్న ఊరుకున్నాడా? "ఎడమదిక్కు పెద్దమనిషీ, బొజ్జ లోపలికి పీల్చు! తమ్మీ, ఎన్కకు జరుగు, మూలలు తెగుతున్నయ్" అని మొదలుపెట్టాడు.

మా ఆయన కంటికి కెమెరా ఆనించుకునే వెనక్కి ఒక అడుగు వేశాడు. ఇంకో అడుగు వేశాడు. మెట్ల మీద ఉన్న మాకందరికీ ఆయన వెనకాల పెరుగు చట్నీ బకెట్ కనిపిస్తూనే ఉంది. "అయ్యో, ఆగు!" అని పదిమంది అరిచేలోపు మడమ తగలడం, ఆయన దభేలున బకెట్లో కూలబడడం, పక్కన పేర్చిన స్టీలు మూతలన్నీ ఠంగుఠంగుమని దొర్లిపోవడం జరిగిపోయాయి. రోజూ గనిలో బ్లాస్టింగ్ జరిగి కిటికీలు అదిరినా చెవిన పెట్టని జనం మాది. అలాంటిది పెరుగు చట్నీ పోయేసరికి అందరూ గుండెలు పట్టుకుని కళ్ళు గట్టిగా మూసేసుకున్నారు. కూలబడిన ఊపులో ఆయన వేలు మీట నొక్కేసింది.

నేను మాత్రం కళ్ళు మూసుకోలేదు. ఆయన పడడం నాకు కొత్తా? కాలువలో పడ్డాడు, పేడకుప్పలో పడ్డాడు, పిట్ట కోసం చెట్టెక్కి పక్కింటివాళ్ళ రేకుల మీద పడ్డాడు. బకెట్లో కూర్చుని, కెమెరాను మాత్రం రెండు చేతులతో పైకెత్తి పట్టుకున్న ఆ మనిషిని చూసి నేను పగలబడి నవ్వాను.

నవ్వులు, అరుపులు, చట్నీ పోయిందన్న బాధ, అంతా కలిసి సంతలా తయారైంది. ఏసయ్య తాతకు విసుగొచ్చింది. "అందరు నెమ్మదిగుండుండ్రి. ప్రార్థన చేసుకుందాం" అని చేతులెత్తాడు. ఆ మాట చాలు, సంఘమంతా తలలు వంచి కళ్ళు మూసుకుంది. తాత ప్రార్థన గని నుంచి, గవర్నమెంటు నుంచి, కొత్త ఏడాది నుంచి మెల్లగా ఆమేన్ దగ్గరికి వచ్చింది. ప్రార్థనలో ఒక కన్ను తెరిచి చూడడం నా పాత జబ్బు. అలా చూసేసరికి మా ఆయన బకెట్లోంచి లేచి లెన్సు మీది పెరుగు తుడుచుకుంటున్నాడు. అందరితోపాటు ఎల్లస్వామన్న కూడా మర్యాదకు కళ్ళు మూసుకుని, రెండు చేతులూ జోడించి నిలబడ్డాడు. రెండు చేతులూ! గొడుగు గాలికి లేస్తోంది.

ఏడేళ్ళ అలవాటు ఎక్కడికి పోతుంది? ఏం చేస్తున్నానో తెలియకుండానే ఉరికాను. అదే క్షణంలో తాత "ఆమేన్" అన్నాడు. సంఘమంతా ఒక్కసారే తలలెత్తి కళ్ళు తెరిచింది. మా ఆయన నొక్కాడు.

"అన్ని కండ్లు తెరిచే ఉన్నయ్!" అని పెరుగు కారుతున్న ప్యాంటుతో గంతులేశాడు. నేను గొడుగు పట్టుకుని, "ఇంకొకటి తియ్యి, నేను లేను" అని మొత్తుకుంటూనే ఉన్నాను. ఎవరు వింటారు? జనం అప్పటికే బిర్యానీ దగ్గర వరస కట్టారు.

తర్వాతి ఆదివారం ఆ ఫోటో పెద్ద సైజులో మా వరండాకు వచ్చింది. మా ఆయన బజ్జీ నోట్లో పెట్టుకుని, పరీక్ష ఫలితాల కోసం నిలబడ్డ పిల్లాడిలా నిలబడ్డాడు. ఎల్లస్వామన్న ఫోటోను దగ్గరగా చూశాడు, దూరంగా చూశాడు, తలకిందులు చేసి కూడా చూశాడు. ఆఖరికి కళ్ళజోడు తీసి, "మంచిగుంది" అన్నాడు. మా ఆయన కళ్ళలో నీళ్ళు తిరిగాయి. బజ్జీ కారమో సంతోషమో నాకైతే తెలియలేదు.

నేను జారగరిటె చేత్తో పట్టుకునే వచ్చి చూశాను. అందరూ ఉన్నారు. తబితక్క నోరు మూసుకుని ఎంతో అందంగా ఉంది. రెండో వరసలో నా చోటు ఖాళీ. మెట్ల అంచున ఏదో నీలంగా సాగింది.

"ఇదేంది?" అన్నాను.

ఆయన బజ్జీ మింగేసి, "ఉరికినవ్ గద, మోషన్ బ్లర్" అన్నాడు.

"మోషన్ బ్లరా? నేను లిదియానయ్యా! నీ పెళ్ళాన్ని!" జారగరిటె విసిరేశాను, అది పోయి కుండీలో పడింది. "ఊరందరి మొఖాలకు వెలుగు పట్టిన. మా అమ్మ ఏడేళ్ళ సంది ఆ గోడ మీద నన్ను దేవులాడుతుంది. ఆమె కండ్లు పోయినంక దీస్తవా నా ఫోటో?" అని ఏడుపు ఆపుకోలేక లోపలికి పోయి పడుకున్నాను. వరండాలో ఎల్లస్వామన్న, "గొడుగు నేనే ఇడిసిపెట్టిన తమ్మీ. ప్రార్థనల కండ్లు మూసుకోవాలె గద అనుకున్న" అని గొణుక్కుంటూ చెప్పులు వేసుకున్న చప్పుడు వినిపించింది. ఆ రాత్రి మా ఇంట్లో ఎవరూ అన్నం తినలేదు. మూడు రోజులు నేను ఆయనతో మాట్లాడలేదు.

ఆ ఆమేన్ ఫోటోను అయ్యగారు మెచ్చుకున్నారు, కమిటీ మెచ్చుకుంది. ఆయన పెన్‌డ్రైవ్ తీసుకుని ఖమ్మం ప్రెస్సుకు పోయొచ్చాడు. క్రిస్మస్ ముందు ఆదివారం క్యాలెండర్ల కట్ట చర్చికి వచ్చింది. ఏసయ్య తాత తాడు విప్పి మొదటిది పరిచాడు. చర్చి అంతా గుమిగూడింది.

అది ఆమేన్ ఫోటో కాదు. బకెట్ ఫోటో. చర్చి ఒక పక్కకు ఒరిగిపోయింది. సంఘమంతా పిడుగు పడ్డట్టు కళ్ళు మూసుకుని ముఖాలు చిట్లించింది. తబితక్క నోరు ఈసారి పోయినేటికంటే పెద్దగా తెరుచుకుంది. కింది మూలన లెన్సు మీద పడ్డ పెరుగు మరక తెల్లగా పరుచుకుంది. వీటన్నిటి మధ్యలో, నీలం పట్టుచీరలో, నేను. కళ్ళు తెరుచుకుని, పళ్ళన్నీ కనబడేలా నవ్వుతున్నాను. ఒక్క నా ముఖమే అద్దంలో చూసుకున్నంత స్పష్టంగా ఉంది.

"రాజూ, ఏంటిది?" అన్నారు అయ్యగారు.

"పెన్‌డ్రైవ్‌ల పొరపాటయిందయ్యగారూ" అన్నాడు మా ఆయన. అబద్ధమాడితే ఆయన చెవులు ఎర్రబడతాయి. అవి ఎర్రబడ్డాయి. కాసేపు అటూ ఇటూ చూసి ఇక దాచలేకపోయాడు. "పొరపాటు గాదు. నేనే ఇచ్చిన. మీ అందరి మొఖాలు ఏడేళ్ళ సంది గోడల మీద ఉన్నయ్. ఈమెది ఒక్కపాలి లేదు. ఆ మంచి ఫోటోల గూడ లేదు. అది ఎల్లస్వామన్న మంచిగుందన్న ఫోటో అయ్యగారూ, నా జన్మల మొదటిసారి అన్నడు. అయినా అది అచ్చుకు ఇయ్యనీకి నాకు చెయ్యి రాలే." అని తల దించుకున్నాడు. నాకు మూడు రోజుల కోపం, ఏడేళ్ళ కోపం అన్నీ అక్కడే దిగిపోయాయి.

తబితక్క మాత్రం లేచింది. మళ్ళీ అచ్చు వేయించాల్సిందేనంది. పండగ ముందు ఏ ప్రెస్సూ ఖాళీ లేదు. అయ్యగారు ఏసయ్య తాత వైపు చూశారు. తాత తన ముఖాన్ని దగ్గరగా పెట్టుకుని చూసి, "నేనైతే ప్రార్థనల ఉన్నట్టే ఉన్న. నాకేం ఇబ్బంది లేదు" అన్నాడు. అక్కడితో క్యాలెండర్ ఖాయమైంది. తబితక్క ఇంటింటికీ తిరిగి, క్యాలెండర్‌లో తన నోటి మీద క్రిస్మస్ స్టార్ స్టిక్కర్ అంటించి వచ్చింది. వచ్చే ఏడు ఫోటో స్టూడియో వాళ్ళదే అని కమిటీ రాసుకుంది.

బయట గేటు దగ్గర ఎల్లస్వామన్న క్యాలెండర్ చూశాడు. "చర్చి ఒరిగింది. జనం జడుసుకున్నరు. మూలకు పెరుగు. మంచిగ లేదు తమ్మీ" అని, పోబోతూ వెనక్కి తిరిగి, "నాకొకటియ్యి, ఇంట్ల పెట్టుకుంట" అన్నాడు.

పండగ అయ్యాక ఇద్దరం క్యాలెండర్ చుట్టుకుని చర్ల బస్సెక్కాం. దారిలో నక్సలైట్ల కోసం పెట్టిన పోలీసు క్యాంపు దగ్గర బస్సు ఆపి, ఆ పొడుగాటి చుట్ట ఏంటని విప్పించారు. తుపాకీ భుజాన ఉన్న జవాను చాలాసేపు చూసి, "ఏమైందమ్మా వీళ్ళందరికి?" అన్నాడు. పెరుగు చట్నీ పోయిందని చెప్పాను. పాపం, నిజమేనని నమ్మాడు. నిజమే కదా!

అమ్మ మా ఆయనకు సకినాల పళ్ళెం పెట్టి, క్యాలెండర్‌ని మంచం మీద పరుచుకుంది. ఎప్పటిలాగే వేలు ఎడమ పక్కనుంచి మొదలైంది. ఒక్కొక్క ముఖం దాటుకుంటూ వచ్చి నా దగ్గర ఆగింది. ఆ వేలు అక్కడే ఉండిపోయింది. అమ్మ కొంగుతో కళ్ళు తుడుచుకుని మళ్ళీ చూసింది.

"మంచిగున్నవ్ బిడ్డా" అంది చివరికి. "తక్కినోళ్ళకేం రోగమొచ్చింది?" తర్వాత వేలు మళ్ళీ మొదటి వరసకు పోయింది, చివరి వరసకు పోయింది. ముఖం చిట్లించింది. "మరి అల్లుడేడే? దేవులాడితే కానస్తలేడు."

మా ఆయన నోటి నిండా సకినాలు. ఆయనకు అలవాటే, నోరు నిండి ఉంటే మాట్లాడకూడదు. నేను అమ్మ వేలు పట్టుకుని, ఫోటోలో నా కళ్ళ మీద పెట్టాను.

"నేను ఎటు చూసి నవ్వుతున్ననో, ఆడనే ఉన్నడమ్మా" అన్నాను.